చెరువు మీద ఓ సాయంత్రం: రబ్బరు కప్పతో కొరమీను పట్టే పద్ధతి

ఎర నచ్చక కొరమీను తప్పించుకోవడం తక్కువ. చాలాసార్లు అది ఎరగా కట్టిన రబ్బరు కప్పను నోట పట్టుకుంటుంది, మనమే తొందరపడి లాగేస్తాం. నీళ్లు గుబుక్కుమని పగలగానే చెయ్యి దానంతటదే రాడ్‌ను వెనక్కి గుంజుతుంది. కప్ప ఎగిరొచ్చి ఒడ్డున పడుతుంది. ఆ చేప ఆ పూటకి మళ్లీ పైకి రావడం అరుదు. సామాను, చోటు, విసురు అన్నీ కింద వివరంగా ఉన్నాయి గానీ, అవన్నీ గుబుక్కుమన్న తర్వాతి మూడు సెకన్ల కోసమే.

ముందు చేప గురించి

చేపల మార్కెట్లో బొచ్చె, రవ్వ మంచుగడ్డల మీద పడి ఉంటే, కొరమీను మాత్రం తొట్టిలో ప్రాణంతో కదులుతుంటుంది. దాని మొప్పల పైన గాలి పీల్చుకునే అర ఉంటుంది. నీళ్లలోని ప్రాణవాయువు ఒక్కటే దానికి చాలదు కాబట్టి కొద్ది నిమిషాలకోసారి పైకొచ్చి గుటక వేయాల్సిందే. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. కొర్రమీను, కొర్రమట్ట అని ఊరూరికీ పేరు మారినా చేప ఒకటే.

ఇది తరిమి తరిమి వేటాడే చేప కాదు. తామరాకుల కింద, తుంగ మొదళ్లలో, గుర్రపుడెక్క అంచున కదలకుండా పొంచి ఉంటుంది. తలమీదుగా కప్పో చిన్న చేపో పోతే ఒక్క ఊపున మింగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం నీడలో పడుకుని, పొద్దు వాలి ఒడ్డు నీళ్లు చల్లబడేసరికి మోకాలి లోతుకు కూడా వచ్చేస్తుంది. సాయంత్రం వేట అనేది అందుకే.

ఎవరిని అడగాలి

ఊరి చెరువులో చేపల హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘానిది. చెరువులో పిల్లలు పోసేదీ, కాపలా కాసేదీ, ఎండాకాలంలో వల తీసేదీ వాళ్లే. కాబట్టి సంఘం పెద్దను కలిసి, గాలంతో వేస్తామని, ఏ చేపకు వేస్తామో చెప్పి, అడిగినంత ఇచ్చి దిగండి. వలలు కట్టిన వైపు పోవద్దు. రిజర్వాయర్లయితే మత్స్యశాఖ లైసెన్సు సంగతి కనుక్కోండి. పాకాల, మంజీరా అభయారణ్యాలు. అక్కడ గాలం మాటే వద్దు. మంజీరాలో మొసళ్లు కూడా ఉన్నాయి.

సామాను

రాడ్ ఆరున్నర నుంచి ఏడడుగులు, మీడియం హెవీ రకం. కొన మరీ మెత్తగా ఉంటే ఆకుల్లోంచి చేపను పైకి తేలేరు. మరీ గట్టిదైతే 10 గ్రాముల కప్ప దూరం పోదు.

రీల్ 3000 సైజు స్పిన్నింగ్ రీల్. డ్రాగ్ (చేప లాగినప్పుడు దారం ఎంత తేలిగ్గా వదలాలో సరిచేసే బిగింపు) బాగా బిగించి పెట్టుకోండి, చేత్తో దారం లాగితే కష్టం మీద కదలాలి. నదిలో పెద్ద చేపకు దారం వదిలినట్టు ఇక్కడ వదిలితే అది రెండు గజాల్లో తుంగలో దూరిపోతుంది.

దారం 30 నుంచి 40 పౌండ్ల బరువు తట్టుకునే బ్రెయిడ్ (సన్నటి పోగులు అల్లిన దారం), 100 మీటర్లు చాలు. మామూలు తంగూసు (నైలాన్ దారం) ఎందుకు వద్దంటే అది సాగుతుంది. ఇరవై మీటర్ల అవతల చేప కప్పను పట్టినప్పుడు మీరు ఎంత గుంజినా ఆ ఊపంతా సాగడంలోనే పోయి ముల్లు దిగదు. బ్రెయిడ్ సాగదు, పైగా తామర కాడల్ని రంపంలా కోసుకుంటూ వస్తుంది. స్పూల్ (రీల్‌లో దారం చుట్టుకునే ఉండ) మీద నేరుగా బ్రెయిడ్ చుడితే జారి గిర్రున తిరుగుతుంది. ముందు తంగూసు పది చుట్లు చుట్టి, దానికి బ్రెయిడ్ ముడివేసి, తడిగుడ్డతో వేళ్ల మధ్య బిగించి పట్టుకుని చుట్టండి.

ఇవి కాక ముల్లు తీయడానికి పొడవాటి ముక్కు పకడు, చిన్న ఆకురాయి, తడిపిన గోనెసంచి, 50 సెంటీమీటర్ల మూతి ఉన్న చేతివల, మూతకు చిల్లులున్న 20 లీటర్ల బకెట్, తలకు కట్టుకునే లైటు, మడమల పైదాకా వచ్చే బూట్లు కావాలి.

రాడ్, రీల్ లేనివాళ్లకు వెదురు గెడ ఇప్పటికీ మంచి సాధనమే. 12 అడుగుల గెడ, దానికంటే అడుగు తక్కువ పొడవున అర మిల్లీమీటరు తంగూసు, 1/0 సైజు కొక్కెం తీసుకోండి. వేలెడంత పరకను (చిన్న చేపను) వీపు రెక్క కింద, వెన్ను తగలకుండా గుచ్చి, ఆకుల మధ్య సందుల్లో నీటి మీద ముంచుతూ తేలుస్తూ ఆడించండి. ఒడ్డుకు పది అడుగుల్లోపు చేప ఉంటే రీల్ కంటే గెడే బాగా పనిచేస్తుంది. బతికున్న కప్పను మాత్రం ముల్లుకు గుచ్చకండి. బోదురు కప్ప వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న ప్రాణి. రబ్బరు కప్ప ఉండగా దాన్ని హింసించాల్సిన పనీ లేదు.

కప్పను సిద్ధం చేయడం

ఇంటి దగ్గర చేయాల్సిన పనుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. కొత్త కప్పను పెట్టెలోంచి తీసి నేరుగా కట్టేస్తే సగం కాట్లు వృథా అవుతాయి.

5–6 సెంటీమీటర్ల పొడవు, 10–14 గ్రాముల బరువు ఉన్నది తీసుకోండి. జంట ముళ్ల మొనలు వీపు మీద రబ్బరుకు ఆనుకుని ఉంటాయి, ఆకుల్లో తట్టుకోకుండా ఉండేది అందుకే. ఇప్పుడు కప్పను పొట్ట నుంచీ వీపు నుంచీ రెండు వేళ్లతో నొక్కండి. రబ్బరు అణిగి రెండు మొనలూ స్పష్టంగా బయటకు లేవాలి. లేవకపోతే చేప నోట్లో కూడా లేవవు. పకడుతో ఒక్కో ముల్లునూ పైకి, కాస్త పక్కకు, ఒకటి రెండు మిల్లీమీటర్లు వంచండి. అంతకుమించి వంచితే ప్రతి విసురుకూ ఇంత నాచు పట్టుకొస్తుంది.

తర్వాత మొనను బొటనవేలి గోరు మీద బరువు వేయకుండా ఆనించి కదపండి. గోరులో తగులుకుని ఆగిపోతే పదునుంది. జారితే ఆకురాయితో మొన వైపుకే నాలుగైదు సార్లు రుద్దండి. కొరమీను దవడ గట్టి ఎముక, మొద్దు ముల్లు దాని మీద జారిపోతుంది.

కప్ప వెనక వేలాడే రబ్బరు కాళ్లు మరీ పొడుగ్గా ఉంటే చేప వాటినే పట్టుకుని వదిలేస్తుంది. 4 సెంటీమీటర్ల దగ్గర కత్తిరించండి. ఒక కాలు అర సెంటీమీటరు పొట్టిగా ఉంచితే కప్ప అటూ ఇటూ ఊగుతూ నడుస్తుంది.

రంగు గురించి షాపుల్లో చెప్పే మాటలకు అంతు లేదు. రెండు చాలు. వెలుతురున్నంత సేపు ఆకుపచ్చ లేదా గోధుమరంగు, పొద్దు గుంకే వేళకు నలుపు. చేప కింది నుంచి చూస్తుంది కాబట్టి వెలిసిపోతున్న ఆకాశం ముందు నలుపే బాగా అగుపిస్తుంది.

ముడి: దారాన్ని 15 సెంటీమీటర్ల మేర జంటగా మడిచి, ఆ మడతను కప్ప ముక్కు దగ్గరి కన్నంలోంచి దూర్చండి. జంట దారంతోనే ఒక వదులు ముడి వేసి, మిగిలిన ఉచ్చులోంచి కప్ప మొత్తాన్నీ దాటించండి. ఉమ్మితో తడిపి, రెండు కొసలూ కలిపి నెమ్మదిగా బిగించండి. దీన్ని పాలోమార్ ముడి అంటారు. తంగూసుకు వేసే మెలికల ముడి బ్రెయిడ్‌కు వేస్తే జారిపోతుంది. కాట్లు పడ్డాక ముడికి పైన అడుగు మేర దారాన్ని వేళ్లతో తడమండి. గరుకు తగిలితే అంతమేర కోసేసి మళ్లీ కట్టండి.

చోటు, వేళ

కట్ట వైపు నీళ్లు లోతు, రాళ్లు పేర్చి ఉంటాయి. కొరమీనుకు కావాల్సింది అది కాదు. శిఖం వైపు, అంటే కట్టకు ఎదురుగా నీళ్లు పలచగా పరుచుకునే వైపు పోండి. నడుము లోతుకు మించని నీళ్లు, తామర, కలువ, జమ్ము, మధ్య మధ్య తేటగా సందులు ఉన్నచోటు దొరికితే అక్కడే ఆగండి. వాగు చెరువులో కలిసే మూల, తూము దగ్గరి గడ్డి, మత్తడి (అలుగు) కింద నిలిచిన గుంటలు కూడా చూడదగ్గవి.

హైదరాబాద్ పరిసరాల్లో పొద్దు గుంకేది మార్చిలో సుమారు 6:25కి, మే చివర 6:45కి, డిసెంబరులో 5:45కి. దానికి రెండు గంటల ముందే ఒడ్డున ఉండండి. ఆఖరి ముప్పావు గంట అన్నిటికన్నా విలువైనది, అప్పుడు ముళ్లు విప్పుకుంటూ కూర్చోకూడదు. చలికాలంలో లెక్క వేరు. మధ్యాహ్నం ఎండకు నీళ్లు వెచ్చబడే మూడు నుంచి నాలుగున్నర మధ్యే చేప చురుగ్గా ఉంటుంది, చీకటి పడేసరికి మందగిస్తుంది. నీళ్లు తగ్గి చేప ఒకచోటికి చేరే మార్చి–మే నెలలు అన్నిటికంటే మంచివి.

మీ నీడ నీళ్ల మీద పడకూడదు. పొద్దు వాలాక మనిషి నీడ చాలా దూరం పోతుంది. ఉత్తరపు ఒడ్డో దక్షిణపు ఒడ్డో అయితే ఇబ్బంది లేదు. పడమటి ఒడ్డున చెట్లుంటే మరీ మంచిది. నీళ్లు ముందు చల్లబడేది అక్కడే, మీ నీడ చెట్ల నీడలో కలిసిపోతుంది.

వెళ్లగానే విసరకండి. పది నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. కొరమీను గుటక వేస్తే నీటి మీద గుండ్రటి అల ఒకటి లేచి, మధ్యలో ఒకటో రెండో బుడగలు మిగులుతాయి. చిన్న చేపలు చుక్కలు చుక్కలుగా కదుపుతాయి, అది వేరు. గాలి లేకుండానే ఒక తామర కాడ మాత్రం ఊగిందంటే దాని మొదట్లో ఏదో ఉంది. అలాంటి చోట్లు మూడు నాలుగు గుర్తు పెట్టుకోండి.

విసరడం, నడిపించడం

దగ్గరి నీళ్లతో మొదలుపెట్టండి. ముందు ఒడ్డు వెంబడి ఎడమకు, కుడికి, తర్వాతే దూరానికి. నేరుగా దూరం విసిరేవాళ్లు కాళ్ల దగ్గరి చేపను బెదరగొడతారు.

గుర్తు పెట్టుకున్న చోటు మీద కప్ప పడకూడదు. దానికి రెండు మీటర్లు అవతల, వీలైతే ఆకు మీద పడాలి. పడబోయే ముందు దారాన్ని వేలితో ఆనిస్తే కప్ప దబ్బున కాకుండా మెత్తగా వాలుతుంది. అక్కడే నాలుగైదు సెకన్లు వదిలేయండి. తర్వాత రాడ్ కొనను నీళ్ల వైపు దించి రెండు చిన్న కుదుపులు ఇవ్వండి, అరచేతి వెడల్పంత కదిలితే చాలు. మళ్లీ ఆపండి. ఆకు మీంచి సందులోకి జారినప్పుడు మాత్రం అలలు సద్దుమణిగేదాకా కదపొద్దు. ఎక్కువ కాట్లు అలా కదలక తేలుతున్నప్పుడే పడతాయి.

రాడ్‌తో కుదిపినప్పుడల్లా ఏర్పడే వదులు దారాన్ని రీల్‌తో చుట్టేస్తూ ఉండండి. అలాగని ఎప్పుడూ బిగుతుగా ఉంచితే కప్ప నడవదు, ఈడ్చినట్టు వస్తుంది. ఒడ్డుకు మీటరు దూరంలో ఇంకోసారి ఆపండి. మనకు కనపడకుండా వెంబడించి వచ్చిన చేప అక్కడే తేల్చుకుంటుంది.

నాలుగైదు విసుర్లకోసారి కప్పను పిండి లోపలి నీళ్లు తీసేయండి. నీళ్లు నిండిన కప్ప వెనక్కి కుంగి, ముళ్లు నాచులో దిగుతాయి.

ఆ మూడు సెకన్లు

కప్ప వెనక నీళ్లు ఉబ్బి బాణం మొనలా చీలుకుంటూ వస్తే చేప వెంటపడిందన్నమాట. అదే వేగంతో నడిపించండి. ఆపినా, భయపడి వేగం పెంచినా అది అనుమానిస్తుంది.

గుబుక్కుమంది. కప్ప లేదు. ఇప్పుడు రాడ్ ఎత్తకండి. దించండి. కొనను చేప వైపే చూపించి, మనసులో ఒకటి, రెండు, మూడు అనుకుంటూ వదులు దారం చుట్టండి. దారం బిగిసి అవతల బరువు తెలిసినప్పుడు, ఒక్కసారిగా రెండు చేతులతో పైకి గట్టిగా గుంజండి.

ఆగడం ఎందుకంటే, కొరమీను కప్పను ముందు దవడల మధ్య నొక్కి పడుతుంది, తర్వాత కిందికి దిగి పక్కకు తిరుగుతుంది. దిగకముందే లాగితే తెరిచిన నోరు మీ వైపే ఉంటుంది, కప్ప అందులోంచి సాఫీగా జారి వచ్చేస్తుంది. తిరిగాక లాగితే ముల్లు నోటి మూలలో దిగుతుంది. తేట నీళ్లలో రెండు సెకన్లు సరిపోతాయి, దట్టమైన ఆకుల్లో మూడు కావాలి. బతికున్న పరక ఎరగా ఉంటే ఐదారు సెకన్లు ఆగవచ్చు. రబ్బరును అంతసేపు ఉంచుకోదు, ఉమ్మేస్తుంది.

కాటు తప్పితే కప్పను వెనక్కి తెచ్చుకోకండి. ఉన్నచోటే ఉంచి, పది లెక్కపెట్టి, ఒక్క కుదుపు ఇవ్వండి. రాకపోతే ఆ చోటికి రెండు నిమిషాల విరామం ఇచ్చి, చిన్న సైజు కప్పతో మళ్లీ ప్రయత్నించండి. వరసగా చిన్న చిన్న కాట్లు పడి ఒక్కటీ తగులుకోకపోతే అవి మట్టగిడసలు (కొరమీను లాంటివే చిన్న చేపలు) కావచ్చు. ఆ చోటు వదిలేయండి.

ఒడ్డుకు తేవడం

ముల్లు దిగిన మొదటి క్షణాల్లోనే చేప తలను ఆకుల మీదికి తేవాలి. తల పైకొస్తే మిగతా ఒళ్లు ఆకుల మీద జారుతూ వస్తుంది. కిందికి దూరిందా, రాడ్‌తో బలవంతంగా లాగితే కొన విరుగుతుంది. రాడ్ నేలకు సమానంగా దించి, చేతికి గోనె చుట్టుకుని దారాన్ని పట్టి నిదానంగా లాగండి. కదలకపోతే దారం కాస్త వదులు చేసి ఒక నిమిషం ఆగితే చాలాసార్లు చేప తనంతట తానే బయటికొస్తుంది. దాని కోసం నీళ్లలోకి దిగొద్దు.

ఎక్కువగా చేజారేది ఆఖరి మీటరులో. ఒడ్డు చూడగానే అది ఎగిరి తల విదిలిస్తుంది. దారం పట్టి పైకెత్తకుండా వలను నీళ్లలో ముందే ముంచి ఉంచి, తల వైపు నుంచి అందుకోండి. జిగురుకు వట్టి చేతుల్లో నిలవదు, తడి గోనెతో తల వెనక పట్టుకుని పకడుతో ముల్లు తీయండి.

బకెట్లో నాలుగైదు లీటర్ల నీళ్లే పోయండి. నిండా పోసి మూత బిగిస్తే గుటకకు గాలి అందక నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. మూత లేకపోతే ఎగిరి గట్టు దాటుతుంది.

ఎర్ర పిల్లలు కనిపిస్తే

మృగశిర కార్తె నాటికి కొరమీనుకు గిరాకీ ఎక్కువ. వానలతో అది గుడ్లు పెట్టే కాలం మొదలయ్యేదీ అప్పుడే. జూన్ నుంచి సెప్టెంబరు మధ్య ఒడ్డు నీళ్లలో చాటంత మేర సన్నగా జల్లు పడుతున్నట్టు కనిపిస్తే దగ్గరగా చూడండి. అగ్గిపుల్లంత ఉండే నారింజ ఎరుపు పిల్లలు వందలకొద్దీ ఒకేసారి పైకొచ్చి గాలి పీల్చుకుంటుంటాయి. వాటి కిందే తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి.

ఆ గుంపు మీదుగా కప్పను లాగితే కాటు దాదాపు ఖాయం, అది తిండి కోసం కాదు, పిల్లల్ని కాపాడుకోవడానికి. అలా పట్టడాన్ని నేర్పు అనుకునేవాళ్లున్నారు. పెద్ద చేప పోయిన గంటల్లోనే మిగతా చేపలు ఆ పిల్లల్ని ఊడ్చేస్తాయి. చెరువులో సంఘం పోసేది ఎక్కువగా బొచ్చె, రవ్వ, బంగారుతీగ పిల్లలు. నాటు కొరమీను తనంతట తాను పెరగాల్సిందే. ఆ గుంపు కనిపించిన చోట గాలం ఎత్తి, ఇంకో మూలకు పోండి. 30 సెంటీమీటర్ల లోపు చేపను ఏ నెలలో పడినా వదిలేయండి.

ప్రాణానికి సంబంధించినవి

చాలా చెరువుల్లో పూడిక మట్టి తీసిన గుంతలు నీళ్ల కింద అలాగే ఉన్నాయి. మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో నిలువు లోతు అవుతుంది. ఈత వచ్చినా బురద కాళ్లను వదలదు.

శిఖంలో మోటార్లకు లాగిన కరెంటు తీగలు చూసుకుని నడవండి. ఏడడుగుల కార్బన్ రాడ్ కరెంటును పారిస్తుంది, పైన 11 కె.వి. లైను ఉన్నచోట విసరనే వద్దు. ఉరుము వినపడితే రాడ్ కింద పెట్టి చెరువు దగ్గర్నుంచి వెళ్లిపోండి.

నీళ్లలో తలెత్తి పోయే నీరుకట్టెకు విషం లేదు. గట్టు గడ్డిలో రక్తపింజర ఉంటుంది, పొద్దు గుంకాక బయటికొస్తుంది. లైటు లేకుండా తిరుగు దారి పట్టొద్దు. కాటేస్తే కట్టు కట్టి, కోసి కాలయాపన చేయకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేరండి.

ఇంటికొచ్చాక

తల మీద కర్రతో ఒక్క గట్టి దెబ్బ వేసి ముందు చేప ప్రాణం తీయండి. బతికుండగా పొలుసు తీయకండి. జిగురు పోవడానికి కట్టెల బూడిద, రాళ్లుప్పు పట్టించి గరుకు బండ మీద రుద్దండి, పొలుసులు కూడా వదులవుతాయి. మొప్పలు, పొట్టలోని నల్ల పొర పూర్తిగా తీసి, రెండు వేళ్ల మందాన ముక్కలు కోసి, ఉప్పు, పసుపు, కారం పట్టించి 20 నిమిషాలు ఉంచండి.

కిలో ముక్కలకు 50 గ్రాముల చింతపండు, రెండు పెద్ద ఉల్లిగడ్డలు, ఆరు పచ్చిమిరపకాయలు, ఆరు చెంచాల నూనె. ఉల్లి ఎర్రగా వేగాక అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, ధనియాల పొడి వేసి, చింతపండు రసం పోసి, నూనె తేలేదాకా ముందు పులుసునే మరగనివ్వండి. ముక్కలు వేశాక 12 నుంచి 15 నిమిషాలు సన్నటి సెగ మీద ఉడకాలి. గరిటె పెట్టకుండా గిన్నె అంచులు గుడ్డతో పట్టి తిప్పండి. దించే ముందు అర చెంచా వేయించిన మెంతిపొడి చల్లండి. పొయ్యి మీద పులుసు మరుగుతుండగానే కప్పను పిండి, మంచినీళ్లతో కడిగి, ముళ్లకు ఒక చుక్క కొబ్బరినూనె రాసి ఆరబెట్టేయండి. తడితో పెట్టెలో పెడితే వారంలో మొనలు తుప్పు పడతాయి.